మూత లోపలి ఐదో వరుస

ఎమెతె మొదటిసారి మా గుమ్మం ఎక్కిన రోజున ఆమెకు మంచినీళ్ళిచ్చాను, పచ్చి అక్రోటు కాయల తీపి ఇచ్చాను, కాఫీ ఇచ్చాను, ఆఖర్న ఒక అబద్ధం ఇచ్చాను. మొదటి మూడూ ఆమెకు గుర్తుండకపోవచ్చు. నాలుగోది నన్ను వదల్లేదు.

అది 2003 మే నెల. అటు ఉత్తరాన టర్కుల ప్రభుత్వం, ఇటు దక్షిణాన మా గ్రీకుల ప్రభుత్వం. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకదాన్నొకటి “నువ్వసలు ప్రభుత్వమే కాదు పో” అనుకుంటూ కూర్చున్నాయి. ఏ పుణ్యాన బుద్ధి పుట్టిందో, ఏప్రిల్‌లో ఒక బుధవారం పొద్దున అటువాళ్ళు మధ్యనున్న కంచెకి గేటు తెరిచారు. ఇంకేముంది, సైప్రస్ అంతా రోడ్డెక్కింది. పాత ఇళ్ళు చూసుకోడానికి వాళ్ళిటు, మేమటు.

మా ఇల్లు పాఫోస్‌లో, శరణార్థుల కాలనీలో. నేను వరండాలో కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం, మాంసం పెట్టి చుడుతున్నాను. టాక్సీ ఆగింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దావిడ, తలకి తెల్ల గుడ్డ కట్టుకుని దిగింది.

“ఎలెంగు అంటే మీరేనా? నా పేరు ఎమెతె. మాది స్కినోపెత్రా” అంది, మా పాఫోస్ యాసలో, నాకంటే శుభ్రంగా.

నా చేతిలో ఆకు చిరిగింది. స్కినోపెత్రా కొండ మీది టర్కుల ఊరు. డెబ్బై నాలుగులో టర్కీ సైన్యం వచ్చిపడితే మేం ఉత్తరాన మా మోర్ఫూ వదిలి కట్టుబట్టలతో ఇటొచ్చాం. ఆ మరుసటేడు స్కినోపెత్రా వాళ్ళని లారీలెక్కించి అటు పంపేశారు. వాళ్ళ పొయ్యిల్లో బూడిద ఇంకా చల్లారకముందే ఆ ఇళ్ళు మాకిచ్చారు. డెబ్బై ఏడులో ఈ కాలనీ ఇల్లు వచ్చేదాకా రెండు చలికాలాలు అక్కడే ఉన్నాం. ఆ ఇల్లు ఈ ఎమెతెది. ఊరి కాఫీ కొట్టులో ఎవరో నా పేరు చెప్పి పంపారట.

“ఇంటి కోసం రాలేదులెండి. కప్పు కూలిపోయింది, మేకల్ని కడుతున్నారు, చూసొచ్చాను” అంది కాఫీ తాగుతూ. “మా అమ్మ పెళ్ళిపెట్టె ఒకటి ఉండేది. దేవదారు చెక్క, ముందు వైపు రెండు పక్షులు చెక్కి ఉంటాయి. లారీలో మనిషికి రెండు మూటలే అన్నారు. వదిలేసి వెళ్ళాం. మీరు చూశారా?”

నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పుకుపోయింది.

“పెట్టె అక్కర్లేదండీ. దాని మూత లోపల మా నాన్న పిల్లలు పుట్టిన తేదీలు రాసుకున్నాడు. పాతకాలపు అరబ్బీ అక్షరాల్లో. ఐదు వరుసలు. నాది మొదటిది, తర్వాత తమ్ముళ్ళు ముగ్గురు. ఐదోది మా చెల్లి. రెండేళ్ళకే పోయింది. పోయిన రోజు కూడా దాని పక్కనే రాశాడు. అరవై నాలుగులో మీకూ మాకూ జరిగిన గొడవల్లో ఊరి దస్తరం కాలిపోయింది. ఫోటో లేదు, సమాధి మీద రాయి లేదు. ఆ పిల్ల భూమ్మీదకి వచ్చి వెళ్ళిందనడానికి ఆ వరుస ఒక్కటే. మా అమ్మ పోతూ పోతూ అడిగింది, దాని రోజు కనుక్కుని మెవ్లిత్ ప్రార్థన చదివించవే, నలుగురికీ తీపి పంచవే అని.”

ఆ పెట్టె మా పడకగదిలో ఉంది. దాని మీద లేసు గుడ్డ, లేసు గుడ్డ మీద పాత టీవీ. లోపల మా అమ్మాయి పెళ్ళి దుప్పట్లు పెట్టేదాన్ని. ఆమెకీ పెట్టెకీ మధ్య ఒక్క గోడ.

“పెట్టా?” అన్నాను. “మేం వెళ్ళేసరికి ఇంట్లో నాలుగు గోడలు తప్ప ఏమీ లేదమ్మా.”

ఎందుకన్నానో చెప్పమంటే చెప్పలేను. సిగ్గు అనండి. దొంగ అంటారన్న భయం అనండి. ఆ పెట్టెని మా ఆయన తేలేదు, సైనికులు తేలేదు. నేనే గాడిద బండి మాట్లాడి, నేనే తాళ్ళు కట్టి తెచ్చుకున్నాను. మా అమ్మ పెట్టె మోర్ఫూలో ఎవత్తో వాడుకుంటోంది కదా, నేను ఇది వాడుకుంటే తప్పేంటి అనుకున్నాను. మూత తెరిస్తే ఆ వంకర గీతలు కనిపించేవి. మా పిల్ల దుప్పట్ల మీద ఎవరి పేర్లో వేలాడుతున్నట్టుండేది. మైదా ఉడకబెట్టి, పువ్వుల కాగితం తెచ్చి, వాటి మీద అతికించేశాను. అతికిస్తున్నప్పుడే తెలుసు అవి పేర్లని. తెలియక చేశానని ఎవరి ముందూ అనలేను.

ఎమెతె లేచి నా భుజం తట్టింది. “పోనీలెండి. దొంగవెధవలు ఎవరో ఎత్తుకుపోయుంటారు” అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా భుజం పట్టుకుని నిలబడ్డాను.

అక్కడితో ఆమె రాకపోయుంటే బాగుండేది. వచ్చింది. వాళ్ళని తీసుకెళ్ళి పెట్టింది కూడా మోర్ఫూలోనే. జూన్‌లో అక్కడి మా పాత ఇల్లు వెతికి పట్టుకుని, మా వాకిట్లో నారింజ చెట్టు కాయలు ఒక సంచీ నిండా కోసి తెచ్చింది. దానితో పాటు ఒక పొట్లం. విప్పితే మా పెళ్ళి ఫోటో. మా ఇంట్లో ఇప్పుడుంటున్న వాళ్ళు అటక మీద గుడ్డలో చుట్టి ఉంచారట. “ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారని దాచారు పిల్లా. పాపం, మంచోళ్ళు” అంది.

పిల్లా అంటుంది నన్ను. అరవయ్యేళ్ళ ముసలిదాన్ని. నేనూ ఆమెను పిల్లా అనే అనేదాన్ని. ఎమెతె జోకులకి మా ఆయన హంబిస్ కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఆమె వస్తోందంటే నేను పడకగది తలుపు వేసేసేదాన్ని. ఎప్పటికప్పుడు ఈసారి చెప్పేద్దాం అనుకునేదాన్ని. నారింజలు తెచ్చిన రోజు చెప్పలేకపోయాను. ఫోటో తెచ్చిన దాని మొహం మీద ఎలా చెప్పను?

హంబిస్ ఒకసారి తనంతట తనే అడిగాడు. “ఆ పక్షుల పెట్టె వాళ్ళదే కదే? ఇచ్చేద్దాం.”

“ఆవిడ అడిగిందా? అడగనిదాన్ని ఇచ్చి పాత గాయాలు రేపడం ఎందుకయ్యా?” అన్నాను.

రెండో అబద్ధం మొగుడికి. దొంగతనానికి ఒక చెయ్యి చాలు, దాన్ని దాచడానికి మాత్రం ఇల్లంతా కావలసొచ్చింది.

అలా ఉండగా మరుసటేడు ఒక ఒప్పందం వచ్చింది. రెండు ప్రభుత్వాలు కలిసి ఒకటవ్వాలట. తొమ్మిది వేల పేజీలట. ఎవడు చదివాడు? చదవనివాడే ఎక్కువ అరిచాడు. ఏప్రిల్ ఇరవై నాలుగున, ఒకే రోజు, అటూ ఇటూ ఓటు. అవును అనాలి, లేదా కాదు అనాలి. రెండు వైపులా అవునంటేనే జరుగుతుంది. మా కాలనీ కాఫీ కొట్టులో హంబిస్ ఒక్కడే అవును. మిగతావాళ్ళు హంబిస్ కుర్చీ కూడా దూరం జరిపారు. “పోండ్రా! చచ్చేలోపు నా నారింజ చెట్టు కింద మూత్రం పోసుకోవాలి, అంతే నాక్కావలసింది” అని వాళ్ళ మీద అరిచి ఇంటికొచ్చాడు.

ఆ ఒప్పందంలో మోర్ఫూ మాకు తిరిగి వస్తుంది. అంటే ఎమెతె వాళ్ళు లేచిపోవాలి.

పెద్ద శనివారం నాడు ఎమెతె వచ్చింది. నేను ఈస్టరుకి ఫ్లావునలు చేస్తున్నాను, జున్ను, గుడ్లు, పుదీనా పెట్టిన రొట్టెలు. వాళ్ళు వాటినే పిలావున అంటారు. చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుని పిండి మడతలు పెట్టింది.

“నువ్వేం వేస్తావు?” అన్నాను, మెల్లగా.

“అవునే. మా ఊరి వీధంతా అవునే అంటోంది.”

“నిన్ను లేపేస్తారు కదే?”

“లేపనీ. అరవై నాలుగులో ఒకసారి మూట కట్టాను, డెబ్బై అయిదులో ఒకసారి కట్టాను. ఇది మూడోది. ఆ రెండుసార్లూ ఎక్కడికి పోతున్నామో తెలీదు. ఈసారి ఇంటికి పోతున్నాను. కప్పు వేయించుకుంటాను. స్కినోపెత్రా నుంచి నీ దగ్గరికి బస్సులో అరగంట. రోజూ వస్తాను, నీ కాఫీపొడి ఖాళీ చేస్తాను. నువ్వు మోర్ఫూ పోతావేమో కదూ? పోయేదాకా వస్తాను. సామాన్లు సర్దడానికి నేనే వస్తాను, నీకు సర్దడం ఏం తెలుసు! గది గదీ నేనే ఖాళీ చేస్తాను.”

నా చేతిలో జున్ను ముద్ద కింద పడింది.

“నువ్వు అవునే కదా?” అంది.

“రొట్టె మీద ఒట్టు” అన్నాను, పొయ్యి దగ్గరున్న వేడి ఫ్లావున మీద చెయ్యి పెట్టి. చెయ్యి కాలింది. తియ్యలేదు.

రెండు వారాలకి ఓటు వేసే శనివారం వచ్చింది. బడిలో పోలింగు. హంబిస్ కోటు వేసుకున్నాడు, పెళ్ళికి వెళ్తున్నట్టు. నేను తెర వెనక్కి వెళ్ళాను. కాగితం మీద రెండు గడులు.

కాదు అన్నవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో కారణం. సైన్యం మొత్తం పోదని కొందరు, మోసపోతామని కొందరు, పోయినవాళ్ళ ఎముకలు ఇంకా దొరకలేదని కొందరు. వాళ్ళని నేనేమీ అనను, ఎవరి పుండు వాళ్ళది. నా కారణం వాటిలో ఏదీ కాదు. గది గదీ ఖాళీ చేస్తానంది ఎమెతె. నాకా గదుల్లో ఒక గదే కనిపించింది. టీవీ తీస్తుంది, లేసు గుడ్డ తీస్తుంది, రెండు పక్షులు ఆమెను చూస్తాయి. కంచె ఉంటే ఎమెతె నెలకొకసారి వస్తుంది, వచ్చేముందు ఫోన్ చేస్తుంది, నేను తలుపు వేసుకోవచ్చు. నా ఇంటికి, నా నారింజ చెట్టుకి, నా మొగుడి ఆశకి, ఆమె కప్పుకి, అన్నిటికీ కలిపి కాదు అనే గడిలో గుర్తు పెట్టి బయటికొచ్చాను.

“వేశావా?” అన్నాడు హంబిస్.

“వేశాను.”

“శభాష్” అని నా చెయ్యి పట్టుకున్నాడు. పదేళ్ళయింది వీధిలో నా చెయ్యి పట్టుకుని.

ఆ సాయంత్రం హాల్లో టీవీ పాడైందని పడకగదిలో పాత టీవీ పెట్టాం. ఫలితాలు ఆ పెట్టె మీద నుంచే విన్నాను. అటువైపు నూటికి అరవై అయిదు మంది అవునన్నారు. మావైపు నూటికి డెబ్బై ఆరు మంది కాదన్నారు. హంబిస్ మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “మనిద్దరం ఆ ఇరవై నాలుగులో ఉన్నాంలేవే, అదే చాలు” అన్నాడు. ఛీ, నా బతుకు! వీపు నిమిరాను. నిజం చెప్పలేదు.

ఎమెతెకి ఫోన్ చెయ్యలేదు. ఆమె చెయ్యలేదు. రోజూ పొద్దున ఫోన్ దగ్గర కూర్చునేదాన్ని, దుమ్ము తుడిచేదాన్ని, లేచేదాన్ని. పదకొండో రోజున ఇంక కడుపులో పట్టలేదు. టీవీ దించాను. దుప్పట్లు తీసి మంచం మీద పడేశాను. ఓటు ఎలాగూ వెనక్కి రాదు, ఆ వరుస అయినా ఇచ్చేద్దాం, కాళ్ళ మీద పడదాం అనుకున్నాను. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, గుడ్డ ముంచి, మూతకి అతికించిన పువ్వుల కాగితాన్ని తడిపాను.

కాగితం మెత్తబడి ఊడొచ్చింది. గుడ్డ ఊదా రంగుకి తిరిగింది. నీళ్ళు ఊదా, నా వేళ్ళు ఊదా. తడి తగిలితే రంగు కక్కే పెన్సిల్ ఒకటుండేది, మా నాన్న కూడా వాడేవాడు. దానితో రాశాడు ఎమెతె నాన్న, మహానుభావుడు. పరుగెత్తి పొడి గుడ్డ తెచ్చి అద్దాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం! అసలు నేను మైదా పూసిన రోజే సగం పోయుంటుంది, మిగతా సగం ఇప్పుడు పోయింది. చెక్క మీద ఊదా మరక తప్ప ఒక్క గీత లేదు.

హంబిస్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేల మీద కూర్చుని, ఊదా చేతులతో, అంతా చెప్పాను. పెట్టె సంగతి, ఆమె అడిగిన సంగతి, ఓటు సంగతి.

“ఎమెతె అడిగిందా?” అన్నాడు.

“మొదటి రోజే.”

“ఏడాది నుంచి ఆవిడ జోకులకి నవ్వుతున్నాను కదే నేను, ఈ ఇంట్లో కూర్చుని” అన్నాడు. ఓటు గురించి ఒక్క మాటా అనలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. బయటికి వెళ్ళి పక్కింటివాళ్ళ పికప్ బండినీ, డ్రైవరునీ అడిగి తెచ్చాడు.

మర్నాడు నికోసియా దాకా వెళ్ళి, గేటు దాటి, మళ్ళీ పడమటికి మోర్ఫూ. మా వైపు పోలీసు పెట్టె తెరిచి చూశాడు. “ఖాళీదా?” అన్నాడు. వాళ్ళ వైపు పోలీసూ తెరిచి చూశాడు, వాడూ వాడి భాషలో అదే అన్నట్టున్నాడు. ఖాళీదే అని ఇద్దరికీ తల ఊపాను.

ఎమెతె ఇంటి ముందుగది నిండా అట్టపెట్టెలు. గోడలకి మేకులే మిగిలాయి, పటాలు లేవు. సగం అట్టపెట్టెలు మళ్ళీ విప్పి ఉన్నాయి, పళ్ళేలు కాగితాల్లోంచి తీసి నేల మీద పేర్చి ఉన్నాయి. ఆమె వాటి మధ్య పీట మీద కూర్చుని ఉంది.

“వచ్చావా? కూర్చో. కాఫీ గిన్నె ఏ డబ్బాలో పెట్టానో ఇంకా దొరకలేదు” అంది. అప్పుడు హంబిస్, డ్రైవరు పెట్టె మోసుకొచ్చి దించారు.

ఎమెతె లేవలేదు. పీట మీద నుంచే ముందుకు వంగి ఒక పక్షి ముక్కు మీద వేలు పెట్టింది. “ఈ ముక్కు విరగ్గొట్టింది నేనే. తన్నులు కూడా తిన్నాను” అంది. తర్వాత మూత ఎత్తింది. చూసింది. ఇంకా వంగి చూసింది. అరచేత్తో ఆ మరకని ఒకసారి తడిమింది.

“ఎవరు చేశారు?”

“నేనే. కాగితం అతికించింది నేను, తడిపింది నేను. నీకు అబద్ధం చెప్పిన రోజున ఇది పక్క గదిలోనే ఉంది. ఎమెతె, ఇంకొకటి కూడా ఉంది. ఓటు...”

“అది తెలుసు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? అవునని వేసుంటే ఆ సాయంత్రమే ఫోన్ చేసి మీవాళ్ళని ఏడు తరాలు తిట్టిపోసేదానివి. నీ నోరు నాకు తెలీదా? పన్నెండు రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నావు. ఊళ్ళో అందరికీ మాత్రం చెప్పాను, మా ఎలెంగు అవునే వేసిందని. నా పరువు నేను కాపాడుకోవాలిగా.”

నేను ఏడుస్తున్నాను. ఆమె ఓదార్చలేదు. ఓదారిస్తే భరించలేకపోయేదాన్ని కూడా. లేచి అట్టపెట్టెల్లో వెతికి, డబ్బాల మీద పేర్లు రాసిన పెన్సిల్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

“రాయి.”

“నేనా?”

“తుడిచినదానివి నువ్వేగా. నాన్న అక్షరాలు నాకూ రావు. మీ అక్షరాలు చదవడమూ రాదు. ఏవైతేనేం, రాయి.”

మూత పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదటి వరుసలో ఎమెతె అని రాశాను. తర్వాత తమ్ముళ్ళు ముగ్గురు. వాళ్ళ పేర్లు, వాళ్ళ పెళ్ళాల పేర్లు, ఎవరికి చక్కెర జబ్బో కూడా నాకు తెలుసు, ఏడాదిగా వింటున్నాను. ఆమె తేదీలు చెప్తోంది, నేను రాస్తున్నాను. మరక మీద నల్లటి గీతలు బాగానే కనిపిస్తున్నాయి.

ఐదో వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాకా పిల్ల పేరు తెలీదు. ఆ పేరు ఇరవై ఏడేళ్ళు నా పడకగదిలో, నా టీవీ కింద ఉంది. ఆ పేరు కోసం ఆమె నా గుమ్మం ఎక్కింది. ఏం పేరే అని ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు నాకు.

“పేరేంటి?” అన్నాను.

“షెఫికా.”

రాశాను. ఎమెతె పక్కన కూర్చుని ఆ అక్షరాలని, తనకి రాని అక్షరాలని, ఒక్కొక్కటీ చూసింది.

“తేదీ?” అన్నాను.

“అది నీ దగ్గర కదే ఉండేది” అంది.